పూర్తిగా చీకటి పడితే నక్షత్రాలు మాకు పనికిరావు

"డెక్ క్యాడెట్‌గా చేరబోతున్నాను. జీపీఎస్ ఉండగా సెక్స్‌టెంట్ (చుక్కల ఎత్తు కొలిచే పరికరం) ఎందుకు నేర్పుతున్నారు? నడిసముద్రంలో నక్షత్రాలు నిజంగానే అంత బాగా కనిపిస్తాయా?" అని అడిగారు కదా. నేను బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టలుగా మోసే బల్క్ క్యారియర్ ఓడల మీద పనిచేస్తాను. ముందు రెండో ప్రశ్న సంగతి చెప్తాను.

కనిపిస్తాయి. అమావాస్య రోజుల్లో, మబ్బు లేకపోతే, ఓడ నడిపే చోటైన చీకటి బ్రిడ్జి మీద ఓ అరగంట నిలబడ్డాక పాలపుంత ఆ చివర నుంచి ఈ చివరి దాకా తెల్లగా తేలుతుంది. కాకపోతే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రంలో మబ్బుల వల్ల ఒక్క నక్షత్రం కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. యాంకరేజ్‌లో లంగరేసి ఉంటే డెక్ లైట్లన్నీ వెలుగుతుంటాయి, దానికన్నా ఇంటి మేడే నయం.

పని దగ్గరికొస్తే, అంత చీకటి మాకు వద్దు. సెక్స్‌టెంట్ కొలిచేది హొరైజన్ (సముద్రం, ఆకాశం కలిసే గీత) నుంచి చుక్క ఎంత ఎత్తులో ఉందని. చీకటి పడితే ఆ గీత పోతుంది, వెలుగుంటే చుక్క కనపడదు. రెండూ కనిపించేది సంధ్యవేళ కాసేపే. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి పాతిక నిమిషాలు దొరికితే గొప్ప. అందుకే ఏ చుక్క ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటుందో సాయంత్రమే లెక్కగట్టి పెట్టుకుంటాం. ఆ కోణం సెక్స్‌టెంట్‌లో ముందే పెట్టి ఆ దిక్కుకు తిరిగితే, మామూలు కంటికి అందకముందే చుక్క అద్దంలో దొరుకుతుంది. సెక్స్‌టెంట్‌ను కొద్దిగా అటూ ఇటూ ఊపితే అద్దంలో ఆ చుక్క ఊయలలా వంపు తిరుగుతుంది. వంపు అడుగు హొరైజన్‌ను తాకగానే టైమ్ పట్టుకోవాలి. ఆ ఎత్తు, ఆ టైమ్ కలిపి లెక్కేస్తే ఒక్కో చుక్కకు చార్టు మీద ఒక్కో గీత వస్తుంది, గీతలు కలిసేచోటే ఓడ.

నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు, ఒక ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే నుంచి బొగ్గుతో మన తీరానికి వస్తూ భూమధ్యరేఖ దగ్గర మొదటిసారి సొంతంగా మూడు చుక్కలు తీశాను: కానోపస్, కాపెల్లా, రెగ్యులస్. మన పంచాంగం భాషలో అగస్త్యుడు, బ్రహ్మహృదయం, మఘ. చార్టు మీద మూడు గీతలూ దాదాపు ఒకే బిందువులో కలిశాయి. ఎగిరి గంతేసినంత పని చేశాను. చీఫ్ ఆఫీసర్ జీపీఎస్ పొజిషన్ పక్కన పెట్టి చూపించారు. నా లెక్కలో ఓడ 15 మైళ్లు (నాటికల్ మైళ్లు) పడమరకు పోయింది!

ఆయన నవ్వి, "లాటిట్యూడ్ సరిగ్గానే ఉంది. లాంగిట్యూడ్ 15 నిమిషాలు, అంటే పావు డిగ్రీ పోయింది. నువ్వు టైమ్ ఎలా రాశావో చూసుకో" అన్నారు. క్రోనోమీటర్ (ఓడలోని కచ్చితమైన గడియారం) చూసి స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు ఒక నిమిషం ఎక్కువ రాసుకున్నాను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ మీద ఒక మైలు తప్పినట్టే. మూడింటికీ అదే పొరపాటు కాబట్టి గీతలు మాత్రం చక్కగా కలిశాయి. ఇప్పుడు నా దగ్గరకొచ్చే క్యాడెట్ల గీతలు మరీ అందంగా కలిస్తే నాకు టెన్షన్.

ఇక జీపీఎస్. చేయి తిరిగినవాళ్లు చుక్కలతో కట్టిన పొజిషన్ (స్టార్ ఫిక్స్) కూడా ఒకటి రెండు మైళ్ల తేడాతో వస్తుంది, జీపీఎస్‌ది మీటర్ల లెక్క. తీరం దగ్గర సెక్స్‌టెంట్‌ను నమ్ముకునేవాళ్లెవరూ లేరు. కానీ జీపీఎస్ సిగ్నల్‌ను జామ్ చేయొచ్చు, దొంగ సిగ్నల్‌తో మోసం కూడా చేయొచ్చు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో ఓడల జీపీఎస్‌లు అవి రష్యాలోని గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. అలాంటప్పుడు నడిసముద్రంలో రెండు మైళ్ల తేడా ఎవరికి పట్టింది? పైగా రోజువారీ అవసరం వేరే ఉంది: సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కు చూసి కంపాస్ ఎంత తప్పు చూపిస్తోందో కట్టడం. అది మీరు చేరిన మొదటి వారంలోనే చేయిస్తారు. ఆఫీసర్ కావడానికి పెట్టే ఓరల్ పరీక్షలోనూ ఇవన్నీ అడుగుతారు.

చేరేలోగా మేడ మీదే ఓ పది నక్షత్రాలు గుర్తుపట్టడం నేర్చుకోండి. విశాఖ వైపు ఉంటే ధ్రువ నక్షత్రంతో మొదలుపెట్టండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. హొరైజన్ నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఉంటుంది, ఎందుకంటే ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు మనమున్న చోటి లాటిట్యూడే, విశాఖది సుమారు 17.7 డిగ్రీలు.