ఆ చుక్క ఒంటరిది కాదు

కావలి,
రోహిణి కార్తె.

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

నీ కథ ‘ఒంటి చుక్క’ అందింది. కరెంటు పోయి, గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయినప్పుడు శేషయ్య చీకట్లో గట్టు మీద పరిగెత్తి జనరేటర్ వేసే పేరా బాగుంది. రొయ్యల గుంటల పక్కన పెరిగిన పిల్ల తప్ప ఆ పేరా ఇంకొకరు రాయలేరు. మెచ్చుకోలు ఇక్కడికి చాలు. నాకు కోపం తెప్పించిన చోటికి వస్తాను.

అది మూడో పేజీ. శేషయ్య భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. వైశాఖం. మైపాడు దగ్గర గుంట గట్టు మీద మంచం వాల్చుకుని అతను దక్షిణంగా చూస్తాడు. సర్వి తోపు మీద, నేలకు బాగా దగ్గరగా, ఒక పెద్ద చుక్క. ‘దానికీ ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు’ అనుకుంటాడు. తెల్లవారేదాకా ఆ ఒంటరి చుక్క కదలకుండా అక్కడే నిలబడి అతనికి తోడుగా ఉందని రాసి కథ ముగించావు.

అమ్మా, ఆ చుక్కను నువ్వు చూసే ఉంటావు. చూడకపోతే ‘నేలకు బాగా దగ్గరగా’ అన్న మాట నీకు తట్టదు. కానీ ఒక చూపు చూసి, అందులో నీకు కావలసిన దిగులు తీసుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయావు. ఒక్క రాత్రి శేషయ్యతో పాటు మేలుకుని చూసి ఉంటే ఆ ముగింపు రాసేదానివి కాదు.

ఆ చుక్క పేరు ఆల్ఫా సెంటారీ. రాత్రి ఆకాశంలో మృగవ్యాధుడు, అగస్త్యుడు తర్వాత అంత వెలుగు దీనిదే. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు ఇది నేలను వదిలి పైకి రాదనే చెప్పాలి. మనం దక్షిణాన ఉన్నాం కాబట్టి మనకు దక్కింది. మన నెల్లూరు తీరంలో కూడా ఎంత పైకి వచ్చినా 15 డిగ్రీల లోపే. చేయి చాచి పిడికిలి పట్టి చూస్తే నేల నుంచి పిడికిలిన్నర ఎత్తు. వైశాఖం మొదట్లో రాత్రి ఎనిమిది ప్రాంతంలో దక్షిణానికి కాస్త ఎడమగా లేస్తుంది. అర్ధరాత్రికి సరిగ్గా దక్షిణానికి వస్తుంది. నాలుగింటికల్లా కుడివైపు దిగిపోతుంది. నేల దగ్గర మబ్బో, సముద్రపు ఆవిరో ఉంటే ఇంకా ముందే కనపడకుండా పోతుంది. తెల్లవారేదాకా కదలకుండా నిలబడేది ఉత్తరాన ధ్రువుడొక్కడే. నీ శేషయ్య ఏళ్ళ తరబడి రాత్రి కాపలా కాసిన మనిషి. పిల్లలకోడినీ వేగుచుక్కనూ చూసి వేళ చెప్పే ఊళ్ళలో పుట్టినవాడు. ఆ చుక్క కదులుతుందని అతనికి తెలుసు. నీకు తెలియలేదు. ఆ వాక్యంలో శేషయ్య కళ్ళు తీసేసి నీ కళ్ళు పెట్టావు.

రెండో సంగతి. ఆ చుక్కకు కుడిపక్కనే, నాలుగైదు డిగ్రీల దూరంలో, రవ్వంత నీలంగా మెరిసే మరో పెద్ద చుక్క ఉంది. బీటా సెంటారీ అంటారు. ఇంకా కుడివైపు పోతే త్రిశంకు అనే చుక్కల గుంపు. ఆల్ఫా లేచే సరికే బీటా లేచి ఉంటుంది. ఉత్త కంటితో చూసినా అక్కడ జంట కనిపిస్తుంది. ‘దానికీ ఎవరూ లేరు’ అనడానికి వీలు లేని చోట నువ్వు ఆ మాట అనిపించావు.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది. ఆ పక్కపక్క చుక్కలు నిజానికి పక్కపక్కన లేవు. ఆల్ఫా మనకు 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, బీటా సుమారు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆల్ఫాకు అసలు తోడు వేరే ఉంది, అది మన కంటికి విడిగా కనపడదు. ఎందుకంటే ఆల్ఫా అనే ఆ ఒక్క చుక్కే రెండు సూర్యుళ్ళు. రాత్రిపూట హైవే మీద చాలా దూరంలో వస్తున్న లారీ దీపాలు రెండూ కలిసి ఒకే వెలుగుగా కనిపిస్తాయి చూడు, ఇదీ అంతే.

రెంట్లో పెద్దది మన సూర్యుడి జాతే. బరువు సూర్యుడి కంటే పదో వంతు ఎక్కువ, వెలుగు ఒకటిన్నర రెట్లు. చిన్నది బరువులో సూర్యుడి కంటే పదో వంతు తక్కువ, వెలుగులో సగం, రంగులో కొంచెం నారింజ. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి దాదాపు 80 ఏళ్ళు. ఆ దారి గుండ్రటిది కాదు, బాగా సాగిన దీర్ఘవృత్తం. దగ్గరికొచ్చినప్పుడు వాటి మధ్య దూరం సూర్యుడికీ భూమికీ ఉన్న దూరానికి 11 రెట్లు. సూర్యుడికీ శనిగ్రహానికీ మధ్య ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువ. ఎడమైనప్పుడు 36 రెట్లు, అంటే నెప్ట్యూన్‌ను దాటిపోయేంత. 1955లో దగ్గరికొచ్చాయి. అప్పటికి నేను పలక పట్టలేదు. 1995లో ఎడమయ్యాయి. 2035లో మళ్ళీ దగ్గరవుతాయి. ఇవి కాక మూడోది కూడా ఉంది, ప్రాక్సిమా. 1915లో దక్షిణాఫ్రికాలో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు. ఆ జంట చుట్టూ ఒక్కసారి తిరగాలంటే దానికి అయిదు లక్షల ఏళ్ళ పైమాటే. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గర చుక్క అదే, 4.24 కాంతి సంవత్సరాలు. అంత దగ్గర ఉండీ ఉత్త కంటికి ఆనదు.

ఇదంతా చదివి నీకు వెంటనే ఒక ఆలోచన వచ్చి ఉంటుంది. శేషయ్యా, భార్యా ఆ రెండు సూర్యుళ్ళలా దూరమై మళ్ళీ దగ్గరవుతారని రాయొచ్చు కదా అని. వద్దు. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ మాట చెప్పడానికి. ఆ చుక్కల్ని భార్యాభర్తలుగా చేయొద్దు. మనిషి దిగులు మోయడానికి అవి పుట్టలేదు. వాటి బరువు వాటికుంది, వాటి దారి వాటికుంది. నువ్వు వాటిని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే చాలు, చదివేవాడి మనసు ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది. నేను నమ్మి నలభై ఏళ్ళుగా పట్టుకుని ఉన్న మాట ఇదొక్కటే: ముందు వస్తువు, తర్వాతే ఉపమ. వస్తువు తెలిశాక చాలాసార్లు ఉపమ అవసరమే ఉండదు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో పత్రిక తెరిస్తే చాలు వెన్నెల, చుక్కలు, ఏకాంతం. ఏ తిథికి వెన్నెల ఎప్పుడొస్తుందో ఒక్కరికీ పట్టేది కాదు. అమావాస్య నాడు పెళ్ళిచూపులు పెట్టి వెన్నెల కాయించిన కథకు బహుమతి ఇచ్చారు. అప్పట్లో నేను ఉప్పు కొఠార్లలో పనిచేసే ఆడవాళ్ళ మీద ఒక కథ రాశాను. మడిలో నీళ్ళు ఎన్ని రోజులు నిలవాలి, ఉప్పు గడ్డ కట్టేటప్పుడు పైన పొర ఎలా వస్తుంది, కాళ్ళ పగుళ్ళలోకి ఉప్పు దిగితే ఏం రాసుకుంటారు, అన్నీ వాళ్ళ పక్కన కూర్చుని తెలుసుకుని రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ అదంతా కొట్టేసి, ‘కథలో పాఠాలు వద్దు’ అని మార్జిన్‌లో రాసి, మిగిలిన ప్రేమ ముక్క అచ్చేశాడు. ఆ సంచిక చేతికొచ్చిన రోజు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు. పాఠాలు వద్దన్నవాళ్ళు ఆ ఆడవాళ్ళ కాళ్ళు వద్దన్నట్టే. ఇప్పుడు ఎడిటర్లు తగ్గారు, ఫోన్లో లైకులు వచ్చాయి. అడిగేది మాత్రం అదే, ఒక లైను దిగులు, ఒక లైను చుక్క.

నాకు ఆ జంటను చూసే అదృష్టం 1986 ఏప్రిల్లో కలిగింది. హేలీ తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చి దక్షిణపు ఆకాశంలో ఉన్న రోజులు. మా స్కూల్లో సైన్స్ చెప్పే మిత్రుడు ఎవరినో బతిమాలి ఒక చిన్న టెలిస్కోప్ తెచ్చాడు. తుమ్మలపెంట సముద్రం ఒడ్డున పెట్టాం. పెద్ద తోక ఉంటుందని ఊరంతా వచ్చింది. చూస్తే పొగ మరక. జనం విసుక్కుని వెళ్ళిపోయారు. అర్ధరాత్రి దాటాక మిగిలిన నలుగురి కోసం నా మిత్రుడు టెలిస్కోప్‌ను ఆల్ఫా వైపు తిప్పాడు. అద్దంలో రెండు దీపాలు. ఒకటి పచ్చటి తెలుపు, పక్కన చిన్నది, కొంచెం ఎర్రన. ఆ ఏళ్ళలో అవి ఆకాశంలో ఒకదానికొకటి బాగా ఎడంగా కనిపిస్తుండేవి కాబట్టి అంత చిన్న టెలిస్కోప్‌లోనూ విడిపోయాయి. నాకు మాట రాలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చుక్క అది.

అప్పుడే అతను ఇంకో సంగతి చెప్పాడు. ఆ చుక్క రెండని ప్రపంచంలో మొదట గుర్తించింది మన తీరం మీదే. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో జాన్ రిషో అనే ఫ్రెంచి పాద్రీ, ఆయన కూడా ఒక తోకచుక్కను చూస్తూ చూస్తూ, టెలిస్కోప్‌లోకి ఈ చుక్క వస్తే రెండని రాసిపెట్టాడు. నీ గుంట గట్టు మీద నిలబడి దక్షిణంగా చూస్తే ఆ ఊరు కూడా ఆ వైపే. నీ శేషయ్య మీద కథ రాసేటప్పుడు ఈ సంగతి నీకు తెలిసి ఉంటే, కథలో ఒక్క ముక్క పెట్టకపోయినా, నీ వాక్యం నడక మారేది.

థామస్ హెండర్సన్ గురించీ చెప్పాలి. స్కాట్లండ్ మనిషి. లా ఆఫీసులో పనిచేస్తూ చుక్కల లెక్కలు నేర్చుకున్నాడు. దక్షిణాఫ్రికాలోని కేప్ అబ్జర్వేటరీలో 1832, 1833లో ఈ చుక్కనే కొలిచాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు దగ్గర చుక్క వెనకున్న దూరపు చుక్కల మధ్య రవ్వంత అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడును కొలిస్తే దూరం తెలుస్తుంది. అతని కాగితాల్లో ఆ దూరం ఉంది. కానీ కొలత మీద పూర్తి నమ్మకం కుదిరేదాకా బయటపెట్టలేదు. ఈలోగా 1838లో జర్మనీలో బెసెల్ హంస రాశిలోని మరో జంట చుక్క దూరం ప్రకటించి మొదటివాడయ్యాడు. హెండర్సన్‌ది 1839లో వచ్చింది. అతను నష్టపోయాడని అందరూ జాలిపడతారు. నేను పడను. తన కొలత తనకు నిజమనిపించేదాకా ఆగిన మనిషి అతను. అలాంటి వాళ్ళు రాసింది నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను.

నెల్లూరు మాట వాడొచ్చా అని అడిగావు. గుంట అనే రాయి, చెరువు అని మార్చొద్దు. శేషయ్య మాటలు ఆ ఊరి మాటలుగానే ఉండాలి. పోటీల గురించి అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయను.

ఇప్పుడు చేయవలసిన పని చెప్తాను. ఈ కార్తెలో ఆల్ఫా రాత్రి పది, పదిన్నరకు నడి దక్షిణానికి వస్తుంది. ఆషాఢం వచ్చేసరికి పొద్దు గుంకగానే ఆ చోటే ఉంటుంది, పైగా వానమబ్బులు మొదలవుతాయి. కాబట్టి ఈ వారంలోనే చూడు. మీ నాన్నగారిని అడిగి ఒక రాత్రి కాపలాకు నువ్వూ కూర్చో. ఏరియేటర్ల దగ్గర లైట్లకు వీపు పెట్టి కూర్చుంటే చీకటికి కళ్ళు అలవాటు పడతాయి. చుక్క ఏ సర్వి చెట్టు మీద కనిపించింది, గంటకు ఎంత జరిగింది, దిగేటప్పుడు రంగు ఎలా మారింది, కాగితం మీద రాసుకో. కథ గురించి ఆలోచించకు. నీ కథలో కరెంటు ఎన్నింటికి పోయిందో నువ్వు రాయలేదు. ఆ చుక్క అప్పుడు ఎక్కడుందో తెలిస్తే ఆ వేళ నీకే తెలుస్తుంది. శేషయ్య దాన్ని చూసే వేళ చెప్పుకుంటాడు, ఇంకా రెండు గంటలు కాయాలి అనుకుంటాడు. భార్య మాట అక్కడ ఎత్తనవసరం లేదు.

ఆ రాత్రి రాసుకున్న కాగితాలు పోస్టులో పంపు. కథ తర్వాత పంపుదువు గానీ. ఫోన్లో పంపొద్దు, ఆ చిన్న అక్షరాలు నా కళ్ళకు ఆనడం లేదు. మీ నాన్నగారికి, అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు