ముందు ‘ఎప్పుడు?’ అని అడగండి

ప్రశ్న: అన్నగారూ, నాది 18 ఏళ్ల డీజిల్ వ్యాన్. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. అదే హైవే మీద మనుషులతో, సామాన్లతో 80 స్పీడులో ఇరవై నిమిషాలు పోతే మెల్లగా ఎర్ర గీత వైపు పాకుతుంది. స్పీడు తగ్గిస్తే దిగిపోతుంది. ఒకసారి మాత్రం రిజర్వ్ డబ్బాలోంచి నీళ్లు పొంగాయి. మామూలుగా కూలెంట్ తగ్గదు. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీటి దారి తెరిచే వాల్వు) తీసి పారేశాడు, ఇంకొకరు రేడియేటర్ కడిగారు. మూడో ఆయన హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. విప్పించమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. మీ ముగ్గురు మెకానిక్‌లూ ఏ పార్టు మార్చాలా అని చూశారు గానీ, బండి ఎప్పుడు వేడెక్కుతోందో అడిగినట్టు లేరు. మీరేమో నేను అడగకుండానే రాశారు. సగం పని అక్కడే అయిపోయింది.

నిలబడ్డప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడే బండైతే గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాన్, ఫ్యాన్ క్లచ్, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు చూసుకోవాలి. మీది దానికి తలకిందులు. స్పీడులో గాలి దండిగా తగులుతున్నా వేడెక్కుతోందంటే, ఇంజిన్ పుట్టించే వేడికి తగినంత నీరు రేడియేటర్‌లో తిరగడం లేదన్నమాట. మీ ఫ్యాన్ జోలికి ఎవరినీ పోనివ్వకండి.

అందరూ వదిలేసే చోటు ఒకటుంది: రేడియేటర్ అడుగు నుంచి వాటర్ పంపుకి వెళ్లే కింది హోస్. పంపు నీటిని లాగేది దాని గుండానే. హోస్ పాతబడి మెత్తబడితే, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి పోతే, ఇంజిన్ జోరు పెరిగినప్పుడు ఆ లాగుడుకి హోస్ చప్పబడి మూసుకుపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే దొంగ దొరకడు. నేను స్వయంగా మోసపోయాను. నా పాత వ్యాన్‌కి కొత్త రేడియేటర్ వేయించి, పంపు మార్చి, నెల రోజులు తిరిగాక ఈ హోస్ సంగతి తెలిసింది. అప్పటికి తీసేసిన పాత రేడియేటర్‌ని తుక్కులో ఇచ్చేశాను కూడా.

బండి బాగా వేడెక్కాక సీటు ఎత్తి, ఒకరిని యాక్సిలరేటర్ 3,000 ఆర్‌పీఎం దాకా నొక్కమనండి. మీరు టార్చి వేసి కింది హోస్ చూడండి. ఫ్యాన్ తిరుగుతుంటుంది కాబట్టి చెయ్యి, చొక్కా అంచు దూరంగా ఉంచండి. హోస్ చప్పబడితే స్ప్రింగు ఉన్న కొత్తది వేయించండి. కొత్త హోసూ చప్పబడితే తప్పు దానిది కాదు, రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోయి నీరు రానివ్వడం లేదు. చల్లారాక పై హోస్ నొక్కుకుపోయి కనిపిస్తే అది వేరే కథ, రేడియేటర్ మూతలోని చిన్న వాల్వు పట్టేసి ఉంటుంది.

కడిగారన్నారు, పైపు పెట్టి బయట మట్టి వదిలించి ఉంటారు. దాంతో లోపలి సున్నం పోదు. ఇంజిన్ వేడెక్కించి ఆపేశాక, దూరం నుంచి వేడి చూపే థర్మామీటర్‌తో రేడియేటర్ మొహమంతా కొలవండి. ఒక మూల వేడిగా, పక్కనే చల్లటి పట్టీ ఉంటే ఆ గొట్టాలు మూసుకుపోయినట్టే. ఇత్తడి రేడియేటర్ అయితే పై తొట్టి విప్పించి కడ్డీలతో గొట్టాలు తోమించవచ్చు. ప్లాస్టిక్ తొట్లు ఉన్న అల్యూమినియందైతే మార్చడమే మేలు.

థర్మోస్టాట్ తీసేయడం నాకు అస్సలు నచ్చలేదు. చాలా ఇంజిన్లలో దాని అడుగున ఉండే చిన్న బిళ్ల, ఇంజిన్ వేడెక్కాక బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాటే లేకపోతే నీటిలో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది. చల్లబడాలని తీసేస్తే ఇంకా వేడెక్కుతుంది! మీ ఇంజిన్‌కి సరిపోయేది కొనండి. బిగించే ముందు గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి కాచండి. 82 అని చెక్కి ఉంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

రేడియేటర్ మూత కూడా కొత్తది వేయండి. దాని మీద 0.9 అని ఉంటే అంత బార్ ఒత్తిడి నిలుపుతుంది, మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు బలహీనపడితే ముందే పొంగుతాయి. మీకు పొంగింది బహుశా ఇందువల్లే. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం మూత ముట్టుకోకండి, మొహం మీదికి చిమ్ముతుంది.

ఇక హెడ్ గ్యాస్కెట్. అది పోతే సాధారణంగా కూలెంట్ ఊరికే మాయమవుతుంది, పొగ తెల్లగా వస్తుంది, పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటుంది. కూలెంట్ తగ్గడం లేదని మీరే రాశారు. అయినా మీ మెకానిక్ పట్టుబడితే రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రవం పరీక్ష చేయమనండి. పొగ వాయువు నీళ్లలోకి వస్తుంటే రంగు మారుతుంది. విప్పకుండానే తేలిపోతుంది.

ఏది మార్చినా నీళ్లు నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తులో ఉండేలా నిలబెట్టి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పండి. వ్యాన్లలో వెనక సీట్ల హీటర్‌కి పొడవాటి గొట్టాలు పోతాయి, గాలి అక్కడే చిక్కుకుంటుంది. స్పీడులో మీ హీటర్ గోరువెచ్చగా వీస్తోందా, వేడిగానా? ఆ సంగతీ, కింది హోస్ ఏం చేసిందీ రాసి పంపండి. పంపు రెక్కలు అరిగాయా లేదా అన్నది దాన్ని బట్టి చెబుతాను.