యుద్ధ నేరాల కోర్టుల వల్ల బాధితులకు ఒరిగిందేమిటి?

"గెలిచినవారు ఓడినవారిని శిక్షించుకోవడానికే కదా ఈ కోర్టులు, బాధితులకు ఒరిగిందేమిటి?" అని అడిగారు. మొదటి మాటలో సగం నిజముంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను నాయకులపై నడిచిన టోక్యో విచారణలో న్యాయమూర్తిగా కూర్చున్న మన రాధావినోద్ పాల్ నిందితులెవరూ దోషులు కారంటూ వెయ్యి పేజీలకు పైగా భిన్నాభిప్రాయం రాశారు. జపాను మీద అణుబాంబులు వేసినవారిని ఎవరూ బోనెక్కించలేదు. లా చదివే రోజుల్లో నేనూ గొంతు పోయేలా ఇదే వాదించాను.

నా అభ్యంతరం రెండో మాట మీద. నేను గుంటూరులో వకీలును. జూనియర్‌గా ఉన్నప్పుడు చుండూరు ప్రత్యేక కోర్టు చూడటానికి తెనాలి మీదుగా మూడుసార్లు వెళ్లాను. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన కేసు అది. కోర్టు ఊళ్లోనే పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. ఎందుకంత పట్టుదలో అక్కడికి వెళ్లాకే తెలిసింది: వాయిదా రోజు బస్సు ఛార్జీల కోసం అప్పు చేయక్కరలేదు, మాట్లాడుతున్నది తమవాళ్ల గురించేనని చెవులారా వినవచ్చు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. అయినా ఆ కోర్టు ఊళ్లో పెట్టడం వృథా అని నేను అనుకోను.

రువాండా బాధితులకు ఆ వీలు లేకపోయింది. 1994లో టుట్సీలపై జరిగిన మారణహోమంపై ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి పెట్టిన కోర్టు టాంజానియాలోని అరూషాలో కూర్చుంది. సాక్షులు దేశం దాటి వెళ్లాలి. అభియోగాలు మోపింది 93 మందిపై. మిగిలిన లక్షల కేసులు ఊళ్లలోని గచాచా పంచాయితీలకే వెళ్లాయి.

కానీ అదే అరూషాలో రువాండాలోని తాబా అనే ప్రాంతపు మేయరు అకాయెసు కేసు నడిచింది. మొదటి అభియోగ పత్రంలో అత్యాచారం ఊసే లేదు. 1997లో ఒక తల్లి వేరే సంగతులపై సాక్ష్యం చెబుతూ, ఆరేళ్ల తన కూతురిని చెరిచారని బయటపెట్టింది. న్యాయమూర్తులు ఆమెను ఆపలేదు, ఇంకా అడిగారు. ఆ ముగ్గురిలో ఏకైక మహిళ నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలోని తమిళ కుటుంబంలో పుట్టినావిడ. ఆ జూన్‌లో ప్రాసిక్యూషన్ అభియోగాలు సవరించింది. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది: ఒక జాతిని తుడిచిపెట్టే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతి సంహారమేనని. ఏ అంతర్జాతీయ కోర్టూ అంతకుముందు ఆ మాట అనలేదు.

మన కోర్టులో అయితే ఆ తల్లితో "అడిగినదానికే జవాబు చెప్పమ్మా" అనేవాళ్లం. అనేవాళ్లం కాదు, నేనే ఎన్నోసార్లు అన్నాను.

శాశ్వత అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన 1998 నాటి రోమ్ ఒప్పందంపై మన దేశం ఓటు వేయకుండా ఎందుకు ఆగిందో వేరే ప్రశ్నగా అడగండి. భద్రతా మండలికి ఇచ్చిన అధికారాల దగ్గర మొదలయ్యే పెద్ద పేచీ అది.