క్రోమియం మాత్రలు వేసుకుంటే బరువు తగ్గుతామా?

తగ్గినా, కంటికి కనిపించేంత కాదు. 2013లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 9 ట్రయల్స్‌ను, మొత్తం 622 మందిని కలిపి చూసింది. అందరూ అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లే. 12 నుంచి 16 వారాలు క్రోమియం పికోలినేట్ (మాత్రల్లో వాడే క్రోమియం రూపం) వాడినవాళ్లు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా సగటున 1.1 కిలోలు మాత్రమే ఎక్కువ తగ్గారు. ఉదయం, సాయంత్రం తూకం చూసుకుంటే నీళ్ల వల్లే అంత తేడా రావచ్చు! పైగా ఆ ఆధారాల నాణ్యత తక్కువని సమీక్షకులే రాశారు. మోతాదు 200 నుంచి 1000 మైక్రోగ్రాములకు పెంచినా ఫలితం పెరిగినట్టు స్పష్టంగా తేలలేదు.

మరి ఈ ఆశ ఎక్కడిది? ఇన్సులిన్ పనికి క్రోమియం తోడ్పడుతుందనీ, దాంతో ఆకలి, కొవ్వు తగ్గుతాయనీ ఊహ. వినడానికి బాగుంటుంది. కానీ అసలు ఈ ఖనిజం శరీరానికి తప్పనిసరి అనడానికే నమ్మదగ్గ ఆధారం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చింది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వేరే. షుగర్‌కి ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు క్రోమియం కూడా వేసుకుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటే ఆ థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. కిడ్నీ, లివర్ సమస్యలుంటే డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లకండి.