పార్కిన్సన్స్‌కు తోడు తల తిరుగుడు: ఫిజియోథెరపీ కంటే ముందు ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్న వయసు 67. ఆరేళ్ల కిందట పార్కిన్సన్స్ అని చెప్పారు. అప్పటి నుంచి సిండోపా వాడుతున్నారు. బీపీకి, ప్రొస్టేట్‌కు కూడా మాత్రలు ఉన్నాయి. నాలుగు నెలలుగా తల తిరుగుతోందని అంటున్నారు. మంచం మీద నుంచి లేవగానే తూలిపోతున్నారు. మెడికల్ షాపులో అడిగితే సిన్నారిజిన్ మాత్రలు ఇచ్చారు, రోజుకు రెండు వేస్తున్నాం. మొదట్లో కొంచెం తగ్గినట్టే ఉండింది. ఇప్పుడు నడక బాగా నెమ్మదించింది, కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఉన్నచోటే నిలబడిపోతున్నారు. మూడుసార్లు పడ్డారు. పోయిన నెల బాత్రూంలో పడితే తల వెనక బొప్పి కట్టింది. తెలిసినవాళ్లు ఫిజియోథెరపీ చేయించమంటున్నారు. రోజూ కరెంటు పెట్టిస్తే నరాలకు బలం వస్తుందా? ఎన్ని సిట్టింగులు పడతాయి? ఇంట్లోనే చేయించొచ్చా?
- ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

సలహా: ఫిజియోథెరపీ గురించి తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం వేసింది ఆ సిన్నారిజిన్ దగ్గర. ముందు దాని సంగతి తేల్చాలి.

పార్కిన్సన్స్‌లో మెదడులో ఒంటి కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుందని మీకు ఈపాటికి డాక్టర్ చెప్పే ఉంటారు. సిండోపా ఇచ్చేది ఆ లోటు పూడ్చడానికే. సిన్నారిజిన్ ఆ డోపమైన్‌ను పనిచేయకుండా అడ్డుకుంటుంది. అంటే ఒక మాత్రతో చేనుకు నీళ్లు కడుతున్నారు, ఇంకో మాత్రతో గట్టుకు గండి కొడుతున్నారు. నాలుగు నెలల్లో నడక నెమ్మదించడం, కాళ్లు అతుక్కుపోవడం పూర్తిగా ఈ మాత్ర వల్లేనని మనిషిని చూడకుండా నేను అనలేను, జబ్బు ముదిరినా అలా కావచ్చు. అయితే అనుమానం మాత్రం ముందు దాని మీదికే పోతుంది.

ఇలాంటి మందులు ఇంకా ఉన్నాయి. తల తిరుగుడుకు, వాంతులకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, పార్శ్వపు తలనొప్పికి ఇచ్చే ఫ్లునారిజిన్ కూడా డోపమైన్‌కు అడ్డుపడేవే. పార్కిన్సన్స్ లేని పెద్దవయసు వాళ్లు కూడా వీటిని నెలల తరబడి వేసుకుంటే వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. మా ఓపీలో అలాంటివాళ్లు తరచూ కనిపిస్తారు. ఎప్పుడో ఒకసారి తల తిరిగితే రాసిచ్చిన చీటీ పట్టుకుని ఏళ్లకేళ్లు అదే మాత్ర కొనుక్కుంటుంటారు. మందు ఆపేశాక చాలామందిలో ఆ లక్షణాలు తగ్గుతాయి. కాకపోతే వెంటనే కాదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. నడక మందగించిందని మీరు డాక్టర్ దగ్గరికి వెళతారు. ఈ మాత్ర సంగతి చెప్పరు, ఎందుకంటే మీ లెక్కలో అది తల తిరుగుడు మాత్ర, పార్కిన్సన్స్‌తో సంబంధం లేదు. జబ్బు ముదిరిందనుకుని డాక్టర్ సిండోపా పెంచుతారు. సిండోపాకు బీపీ తగ్గించే గుణం ఉంది. బీపీ పడిపోతే తల ఇంకా తిరుగుతుంది. తల తిరిగిందని మళ్లీ మెడికల్ షాపు. దీన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ఈ వారంలోనే ఆయనను చూసే న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి, సిన్నారిజిన్ ఎన్నాళ్లుగా, ఎన్ని వేస్తున్నారో చెప్పి ఆపించండి. కొత్త స్ట్రిప్ కొనకండి. ఇది చదివి కంగారులో సిండోపాను మాత్రం ఆపొద్దు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

షాపు అతన్ని తప్పుపట్టడం కాదు గానీ, పార్కిన్సన్స్ ఉన్న మనిషికి నాలుగు నెలల పాటు డాక్టర్‌ను అడగకుండా మందు వేయడం మీరు చేయాల్సిన పని కాదు. మూడుసార్లు పడేదాకా ఆగాల్సింది కూడా కాదు.

తల మీద తగిలిన దెబ్బ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆయన గుండెకో, పక్షవాతం రాకుండానో రక్తం పలుచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా? పెద్దవయసులో చిన్న దెబ్బకే పుర్రె లోపల రక్తం మెల్లగా చేరుతుంది, అది వారాల తర్వాత బయటపడుతుంది. పడిన తర్వాత తలనొప్పి పెరుగుతున్నా, పగలంతా మగతగా ఉంటున్నా, మాటలో పొంతన తప్పినా, ఒకపక్క చెయ్యో కాలో బలం తగ్గినా, నడక ఉన్నట్టుండి దిగజారినా అదే రోజు సీటీ స్కాన్ చేయించాలి. ఇవేవీ లేకపోయినా, ఈసారి చూపించినప్పుడు దెబ్బ సంగతి మొదట చెప్పండి.

ఇక తల తిరుగుడు. మనం ఒకే మాట అంటాం గానీ దాని కింద మూడు నాలుగు వేర్వేరు సమస్యలుంటాయి. ఒకటి, ఇల్లంతా గిర్రున తిరిగినట్టు ఉండటం. రెండు, లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మడం. మూడు, తల బాగానే ఉన్నా కాళ్లు నిలవక తూలడం. లేవగానే తూలుతున్నారని రాశారు కాబట్టి నేను ముందు చూసేది బీపీ. కూర్చోబెట్టి చూసే బీపీ కాదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే అదే కారణం కావచ్చు. ఇంట్లో డిజిటల్ మెషిన్ ఉంటే మూడు రోజులు పొద్దున, సాయంత్రం ఇలా చూసి కాగితం మీద రాసుకోండి. నిలబెట్టినప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి, తూలుతున్నారనిపిస్తే వెంటనే కూర్చోబెట్టేయండి.

పార్కిన్సన్స్ జబ్బే బీపీని నిలబెట్టే నరాలను దెబ్బతీస్తుంది. దాని మీద సిండోపా, ఆపైన బీపీ మాత్ర. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటిది ఉంటే అది కూడా బీపీ తగ్గించేదే. ఎప్పుడో మొదలుపెట్టిన బీపీ మాత్ర ఇప్పుడు అదే డోసులో అవసరమా అనేది తిరిగి చూడాలి. మీకు మీరుగా తగ్గించొద్దు, ఆ కాగితం చూపించి డాక్టర్‌ను అడగండి. నిలబడితే బీపీ మరీ ఎక్కువ పడిపోతున్నా, జబ్బు మొదలైన ఏడాది రెండేళ్లలోనే పడిపోవడం మొదలై ఉన్నా, అసలిది మామూలు పార్కిన్సన్సేనా, దాన్ని పోలిన వేరే జబ్బా అని కూడా న్యూరాలజిస్టు మళ్లీ ఆలోచిస్తారు.

మన వైపు ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఒంట్లో నీరు తగ్గి ఇది ఇంకా ఎక్కువవుతుంది. రాత్రి మాటిమాటికీ లేవాలని పెద్దవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే పగటిపూట నీళ్లు, మజ్జిగ బాగా తాగించండి. పొద్దున మంచం దిగకముందే రెండు గ్లాసుల నీళ్లు తాగి, అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, తర్వాత లేవాలి. కడుపు నిండా సంగటి తిన్న వెంటనే లేచి తిరగొద్దు, తిన్న తర్వాత కూడా బీపీ పడుతుంది. కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టండి. రాత్రిపూట మూత్రానికి మంచం పక్కనే క్యాన్ ఉంచండి.

పక్కకు ఒత్తిగిలినప్పుడు మాత్రమే, నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతుంటే అది చెవి లోపలి సమస్య. దానికి మాత్రలతో పనిలేదు. తలను ఒక క్రమంలో తిప్పి ఫిజియోథెరపిస్టో, ఈఎన్‌టీ డాక్టరో చాలాసార్లు ఒకటి రెండు సిట్టింగుల్లోనే సరిచేస్తారు. ఆయనకు అలా ఉందేమో అడిగి చూడండి.

ఫిజియోథెరపీ పనికొస్తుందా అంటే, కచ్చితంగా వస్తుంది. పార్కిన్సన్స్‌లో తూలుడుకు మాత్రలు చేసే మేలు కొంతే, మిగతాది సాధనతోనే రావాలి. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు గుంపులు చేసి, వారానికి రెండుసార్ల చొప్పున 24 వారాలు సాధన చేయించారు. ఒక గుంపు తాయ్ చీ అనే నెమ్మది కదలికల సాధన, ఇంకో గుంపు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మూడో గుంపు ఒళ్లు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసింది. నిలకడలో తాయ్ చీ వాళ్లు మిగతా రెండు గుంపుల కంటే మెరుగయ్యారు, సాగదీసే వ్యాయామం చేసినవాళ్ల కంటే తక్కువసార్లు పడ్డారు. మీరు తాడిపత్రిలో తాయ్ చీ కోసం వెతకనక్కర్లేదు. ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి నిదానంగా మార్చడం, పడిపోకుండా ఎంత దూరం వంగగలమో సాధన చేయడం అందులోని అసలు సంగతి. అది మన ఫిజియోథెరపిస్టులు కూడా చేయించగలరు.

కరెంటు పెట్టడం మోకాళ్ల నొప్పికి, నడుము నొప్పికి కొంత ఉపశమనం ఇస్తుందేమో గానీ, తూలుడును తగ్గించదు, నరాలకు బలం తేదు. బలానికని వేసే సూదులు కూడా అంతే, రక్తపరీక్షలో బీ12 తక్కువగా ఉందని తేలితే తప్ప. ఆ డబ్బు దాచుకోండి. సిన్నారిజిన్ గురించి ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. తూలుడును మెదడు తనంతట తాను సర్దుకోవడం నేర్చుకోవాలి, వ్యాయామం నేర్పేది అదే. తల తిరుగుడు మాత్రలు మెదడును మగతలో ఉంచి ఆ నేర్పును ఆలస్యం చేస్తాయి. పక్కన ఈ మాత్ర వేస్తూ ఫిజియోథెరపీ చేయిస్తే సగం శ్రమ వృథా.

వ్యాయామం సిండోపా వేసిన గంటకు, ఒళ్లు తేలికగా ఉన్నప్పుడు చేయించాలి. మాత్ర ప్రభావం దిగిపోయే వేళ చేయిస్తే పడతారు. సిండోపాను అన్నానికి అరగంట ముందే వేయండి, పప్పు, గుడ్డు, పాలతో కలిపితే సరిగా ఒంటపట్టదు.

ఇంట్లో నేర్పాల్సిన మొదటి పని నడక. మీ ఇంట్లో నాపరాళ్లు పరిచి ఉంటే వాటి మధ్య గీతలు కనిపిస్తుంటాయి కదా, పార్కిన్సన్స్ మనిషికి ఆ గీతలు మందుతో సమానం. మామూలు నేల మీద కదలని కాలు, దాటడానికి ఒక గీత కనిపిస్తే లేస్తుంది. బండలు మరీ పెద్దవైతే ఆయన అడుగుకు సరిపోయే దూరంలో రంగు టేపు అడ్డంగా అతికించండి, గదిలో ఒక వరస చాలు. ప్రతి అడుగూ గీత దాటాలి, మడమ ముందు ఆనాలి, పైకి లెక్కపెడుతూ నడవాలి. గడప దగ్గర కాళ్లు అతుక్కుపోతే చెయ్యి పట్టి ముందుకు లాగొద్దు. అందరూ చేసే పని అదే, దాంతోనే బోర్లా పడతారు. ఆగమనండి. బరువు ఒకసారి ఎడమ కాలికి, ఒకసారి కుడి కాలికి మార్చమనండి. తర్వాత ఒక్క పెద్ద అడుగు. మీరు ముందు కాదు, పక్కన కొంచెం వెనగ్గా ఉండాలి.

వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటే గిరుక్కున తిరగకుండా నాలుగైదు అడుగులు చుట్టూ వేసి తిరగాలి. నడుస్తున్నంతసేపు మాట్లాడించొద్దు, ఫోన్ ఇవ్వొద్దు. చేతులున్న ఎత్తు కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి కూర్చోవడం రోజూ చేయించండి. మొదట ఐదు, ఓపిక వచ్చాక పది. నిలబడి చేసేవన్నీ గది మూలలో, వెనక గోడ, ముందు కుర్చీ ఉంచి చేయించాలి. కొత్తల్లో ఒంటరిగా అసలు వద్దు.

నులక మంచం మీద పడుకుంటుంటే మార్చండి, అందులోంచి లేవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. వదులు హవాయి చెప్పులు తీసేయండి, పంచె అంచు కాళ్ల కింద పడకుండా చూడండి. బాత్రూంలో నున్నటి బండలుంటే ఈ వారమే గోడకు పట్టుకునే రాడ్డు బిగించి, గరుకు చాప వేసి, స్నానానికి కుర్చీ పెట్టండి. మరీ వేడినీళ్లు వద్దు, వాటితో కూడా బీపీ పడిపోతుంది.

సిట్టింగులు ఎన్ని అన్నారు. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు దగ్గరుండి నేర్పిస్తారు, తర్వాత ఇంట్లో రోజూ అరగంట సాగాలి. ఆపేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుంది. బీపీ సంగతి, తల దెబ్బ సంగతి డాక్టర్ తేల్చాకే మొదలుపెట్టండి. అనంతపురం సర్వజన ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఒకసారి అంచనా వేయించుకుని, ఏమేం చేయాలో రాయించుకుంటే రోజూ అంత దూరం తిరగనక్కర్లేదు. ఇంటికి వచ్చేవాళ్లను పెట్టుకోవాలనుకుంటే, పార్కిన్సన్స్ వాళ్లతో ఇంతకుముందు పనిచేశారా అని అడగండి. మంచి ఫిజియోథెరపిస్టు మొదటిరోజు ఆయనను కుర్చీలోంచి లేపి, నడిపించి, వెనక్కి తిప్పించి చూస్తారు, ఇంట్లో ఎక్కడ పడ్డారో అడుగుతారు. ఇవేమీ లేకుండా మెషిన్ తగిలించి కూర్చుంటే మర్నాటికి ఇంకొకరిని చూసుకోండి.