పికప్‌లో ఏసీ గ్యాస్ మనమే ఎక్కించుకోవచ్చా? మిగతా ఆయిళ్లు ఎలా చూసుకోవాలి?

మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా లోడు తోలే డీజిల్ పికప్, బీఎస్-6 బండి, ప్రతి వేసవికీ ఏసీ గ్యాస్ ఎక్కించాల్సి వస్తోందన్నారు. ఆన్‌లైన్‌లో దొరికే గ్యాస్ డబ్బా కొని మీరే ఎక్కించుకోవచ్చా, ఆయిళ్లు కూడా ఇంటి దగ్గరే చూసుకోవచ్చా అని అడిగారు. నేను నూజివీడు వైపు నుంచి హైదరాబాద్‌కి మామిడి లోడు తోలుతుంటాను, బండి పని చాలావరకు నేనే చేసుకుంటాను. ఆయిళ్లు, కూలెంట్ తప్పకుండా మీరే చూసుకోండన్నా. గ్యాస్ మాత్రం డబ్బాతో వద్దు.

ఏసీ గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలే గానీ, ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకున్నట్టే. మా బండికీ ఇలాగే అయ్యేది. గ్యాస్ కొట్టించిన కొన్నాళ్లు చల్లగా ఉండేది, సీజన్ అయిపోయేలోపే మళ్లీ వేడిగాలి. చివరికి ఒక ఏసీ మెకానిక్ ముందు గ్రిల్ విప్పి కండెన్సర్ (రేడియేటర్ ముందు ఉండి ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే జాలీ) కింది మూల చూపించాడు. రాయి తగిలినచోట దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్నచోట ఆ జిడ్డు బయటపడుతుంది. మీరూ ముందు అక్కడే చూడండి, తర్వాత పైపుల జాయింట్లు, కంప్రెసర్ క్లచ్ వెనక సీలు. మాకు కండెన్సర్ మార్చాక మళ్లీ గ్యాస్ అవసరం పడలేదు.

డబ్బా ఎందుకు వద్దంటున్నానంటే, దానితో వచ్చే చిన్న గేజ్ లో-సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) ప్రెజర్ ఒక్కటే చూపిస్తుంది. లోపల ఎన్ని గ్రాములుందో దాన్ని బట్టి తేలదు. మన బండ్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్, బండి ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల ఎండలో సుమారు 95-100 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల గ్యాస్ ద్రవంగా కాస్తే మిగిలి ఉన్నా అంతే, సరిపడా ఉన్నా అంతే. బండి నడుస్తున్నప్పుడు చూసినా ఆ అంకె ఎండను బట్టి, ఇంజన్ స్పీడును బట్టి మారిపోతుంది. అంచనా మీద ఎక్కిస్తే ఎక్కువైపోతుంది. ఎక్కువైతే హై-సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వెళ్లే వైపు) ప్రెజర్ పెరిగి కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. పొరపాటున హై-సైడ్‌కి తగిలిస్తే డబ్బా పేలిపోవచ్చు.

సరైన పద్ధతి ఇది: లీకు బాగుచేయాలి, పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా మెషిన్‌తో లాగాలి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి (అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి), పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. ఆ తర్వాత బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కన తూకం వేసి ఎక్కించాలి. వ్యాక్యూమ్ సరిగ్గా పెట్టకపోతే లోపల మిగిలిన తేమ ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి లోపలి నుంచే తినేస్తుంది. తూకం మెషిన్ లేని షాపులో ఈ పని చేయించకండి.

ఇంకో మాట. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, మార్కెట్ లైన్లో ఆగినప్పుడే వేడిగాలి వస్తుంటే ముందు గ్యాస్‌ని అనుమానించకండి. ఫ్యాన్ తిరుగుతోందా, కండెన్సర్‌లో మట్టి, గడ్డి ఇరుక్కున్నాయా చూడండి. మామూలు పైపు నీళ్లతో కడిగితే చాలు, ప్రెజర్ వాష్ దగ్గరగా పెడితే కండెన్సర్ సన్న రెక్కలు వంగిపోతాయి.

కూలెంట్ పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెజర్ ఉండటం వల్ల 100 డిగ్రీలు దాటినా మరగని నీళ్లు, మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి ముఖాన కొడతాయి. తగ్గితే కంపెనీ చెప్పిన రకం కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ లోపల సున్నం పేరుకుంటుంది. బయట ఎక్కడా తడి కనిపించకుండా కూలెంట్ పదేపదే తగ్గుతుంటే డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్‌లోకి నీళ్లు వెళ్తున్నట్టే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందేమో చూడాలి. ఆ బండి ఇక నడపకండి.

బ్రేక్ ఆయిల్ సంగతి వేరు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో లెవెల్ కాస్త దిగుతుంది. అందుకే పోసేముందు ప్యాడ్లు చూడాలి, చక్రాల దగ్గర తడి ఉందేమో చూడాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి, ఎప్పుడో తెరిచి పక్కన పెట్టిన సీసాలోది పోయకండి. గేరుబాక్స్, క్రౌన్ (వెనక ఇరుసులోని గేర్లు) ఆయిల్ మాత్రం సర్వీసుకి ఇచ్చినప్పుడు బోల్టు విప్పించి చూస్తే చాలు.

ఇంజన్ ఆయిల్‌కి బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాటకూడదు. మీది బీఎస్-6 డీజిల్ కాబట్టి ఆయిల్ తగ్గడమే కాదు, పెరగడం కూడా గమనించాలి. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్ తనలోని మసిని కాల్చుకునేటప్పుడు అదనంగా చల్లిన డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, దాంతో ఆయిల్ పలచబడుతుంది. మీరేమీ పోయకుండానే లెవెల్ పై గీత దాటిందంటే కాస్త తీసేసి సరిపెట్టుకోవద్దు, మొత్తం ఆయిల్, ఫిల్టర్ మార్పించాకే చెన్నై లోడు ఎత్తండి.