ఫ్లాష్ ఆరవ సీజన్‌లో తెగిపోయిన కథ: సమాధానం

నమస్కారమండీ. అమెరికన్ సూపర్‌హీరో టీవీ సీరియల్ ‘ఫ్లాష్’ ఆరవ సీజన్ తొమ్మిదవ ఎపిసోడ్ నడిమధ్యలో మొదలై నడిమధ్యలోనే ఆగిపోయిందనీ, పదవ ఎపిసోడ్‌కల్లా లోకమే మారిపోయిందనీ రాశారు. మీరు ఎపిసోడ్లేవీ వదిలేయలేదు. అది ఐదు సీరియళ్లలో పంచిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ కథలో మూడవ భాగం మాత్రమే.

ముందుగా సూపర్‌గర్ల్ ఐదవ సీజన్ తొమ్మిదవ ఎపిసోడ్, తరువాత బ్యాట్‌వుమన్ మొదటి సీజన్ తొమ్మిదవ ఎపిసోడ్ చూసి, మీ ఫ్లాష్ ఎపిసోడ్‌ను మరోసారి చూడండి. ఆపై యారో ఎనిమిదవ సీజన్ ఎనిమిదవ ఎపిసోడ్, చివరగా లెజెండ్స్ ఆఫ్ టుమారో ఐదవ సీజన్ ఆరంభంలో ప్రత్యేక ఎపిసోడ్‌గా వచ్చిన భాగం చూడాలి. మూడవ భాగం 2019 డిసెంబరు 10న ప్రసారమైతే, మిగిలిన రెండూ 2020 జనవరి 14న గానీ రాలేదు. ఆ ఐదు వారాలూ మేము పడిన తపన మీకు తప్పింది.

మూడవ భాగాన్ని మళ్లీ చూడమన్నది ఊరికే కాదు. 1990 నాటి పాత ఫ్లాష్ సీరియల్ కథానాయకుడు జాన్ వెస్లీ షిప్ అందులో పరుగెత్తుతుండగా, ఆయన పాత సీరియల్ దృశ్యమొకటి మెరిసి మాయమవుతుంది. నాకు ఐదు భాగాల్లోనూ కళ్లు చెమర్చిన చోటు అదొక్కటే.